తప్పు ఎక్కడున్నదో చెప్పని పరీక్ష

వేసవి యెండలు ముదురు తఱుణమున తెలుగునాట ఏ పట్టణమున జూచినను పరీక్షాకేంద్రముల వాకిళ్ల యొద్ద, హాల్ టికెట్లను అట్టలకు బిగించి పట్టుకొనిన పదవ తరగతి బాలబాలికలును, వారి చేతికి మంచినీళ్ల సీసాలందించుచు ‘కంగారు పడకమ్మా, ప్రశ్న రెండుసార్లు చదువుకో’ అని చెప్పిన మాటనే మరల మరల చెప్పుచుండు తలిదండ్రులును గుమిగూడి యుందురు. ఆ తలిదండ్రులలో పలువురు మాదాపూరులోనో, గచ్చిబౌలిలోనో, బెంగుళూరులోనో సాఫ్ట్‌వేరు సంస్థలలో పనిచేయువారు. వారి వృత్తియందును పరీక్షలు కలవు. తాము వ్రాసిన ప్రోగ్రామును వారు దినమునకు ఎన్నిమార్లు పరీక్షింతురో లెక్కపెట్టరు. ఆ ప్రోగ్రాము పరీక్షలో తప్పినదని తెలిసినప్పుడు వారు దోషము వెదకి, సవరించి, మరల పరీక్షించి, సాయంకాలమునకు ఇల్లు చేరుదురు. ఇంట పిల్లవాడు పరీక్ష తప్పినాడని తెలిసిన దినమున మాత్రము పొయ్యి వెలిగించుటకు ఎవరికిని చేతులాడవు.

ఒకే కుటుంబమున ఒకే పేరుతో నడచుచున్న ఈ రెండు ఆచారములకు నింతటి వ్యత్యాసమెందుకు గలిగినది? పరీక్ష యనునది దోషము నున్నచోట చూపవలెను. చూపిన దోషము, దానిని సవరింపగల చేతికి, సవరించుటకు వ్యవధి మిగిలియుండగనే చేరవలెను. ఈ రెండు లక్షణములును లేనిది ఎంత కట్టుదిట్టముగా జరిపినను వడపోత యగును గాని పరీక్ష కాజాలదు. సాఫ్ట్‌వేరు వృత్తి ఈ విషయమును అపారమైన ధనము నష్టపడి, అక్కడక్కడ ప్రాణములను సైతము బలిపెట్టి నేర్చుకొన్నది. మన విద్యావ్యవస్థ దీనిని కాగితముమీద ఎంతో ముందుగనే అంగీకరించి, ఆచరణలో విడిచిపెట్టినది. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి పరిశీలించిన పక్షమున ఉపాధ్యాయులకును, తలిదండ్రులకును కొంత మేలు కలుగునని నా నమ్మకము.

ఎఱ్ఱ అక్షరముల పరీక్షలు

సాఫ్ట్‌వేరు నిర్మాణమునందలి పరీక్షలలో మిక్కిలి చిన్నదియు, మిక్కిలి తఱచుగా జరుపబడునదియు యూనిట్ టెస్ట్. ప్రయాణపు టికెట్లు విక్రయించు ప్రోగ్రామొకటి కలదనుకొందము. ఐదేండ్లు నిండని శిశువునకు టికెట్టు లేదు, ఐదు మొదలు పన్నెండు వరకు అర టికెట్టు, ఆపైన పూర్తి టికెట్టు అను నియమమును అమలుపరచు చిన్న భాగమును మాత్రము వేరుచేసి, నాలుగేండ్ల వయస్సు నిచ్చిన నేమి చెప్పును, ఐదిచ్చిన నేమి చెప్పును, పన్నెండు, పదుమూడు ఇచ్చిన నేమి చెప్పును, పొరపాటున సున్నాకంటె తక్కువ సంఖ్య నిచ్చిన నేమి చేయును అని ఒక్కొక్కటిగా అడిగి, వచ్చిన జవాబు సరియైనదో కాదో సరిచూచుట ఈ పరీక్ష స్వరూపము. ప్రశ్నలన్నియు హద్దులమీదనే యుండుట గమనింపదగినది; ఏడేండ్ల పిల్లవాని విషయమున తప్పు దొర్లుట అరుదు, ఐదవ పుట్టినరోజుననే దొర్లును. అడుగునది యంత్రము గావున వేలకొలది ప్రశ్నలు కొలది నిమిషములలో నడచిపోవును. తప్పిన ప్రశ్న ఎఱ్ఱని అక్షరములలో కంప్యూటరు తెరమీద నిలుచును. మార్కులు లేవు. నూటికి తొంబదితొమ్మిది నెగ్గినవని సంతసించి లేచిపోవు డెవలపరు లేడు. తప్పిన యా ఒక్కదానిమీదికే వాని దృష్టి పోవును.

భాగములు విడివిడిగా నిర్దుష్టములైనను, కలిపినప్పుడు పొసగకపోవచ్చును గదా! దానిని కనిపెట్టునది ఇంటిగ్రేషన్ టెస్ట్. అంగారకుని చుట్టును తిరుగుటకై అమెరికా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న నశించుటకు కారణము, భూమిమీద రెండు బృందముల ప్రోగ్రాములలో నొకటి బలమును పౌండ్ల లెక్కను చెప్పగా, రెండవది దానిని న్యూటన్ల లెక్కగా గ్రహించుటయే. ఏ బృందమునకు ఆ బృందము తన పని సరిగనే చేసితినని తలంచినది. అన్నియు కూర్చిన పిమ్మట మొత్తమును పరీక్షించుట సిస్టమ్ టెస్ట్. ఉదయము పది గంటలకు తత్కాల్ టికెట్లు తెఱవగనే లక్షలమంది ఒక్కుమ్మడిగా వచ్చిపడినచో తట్టుకొనునో లేదో ముందుగా చూచుట లోడ్ టెస్ట్. తుదకు, చేయించుకొనినవాడే కూర్చుండి ‘మేమడిగినది ఇదియే’ యని తేల్చునది అక్సెప్టెన్స్ టెస్ట్.

వీనియన్నిటిలో నాకు మిక్కిలి గౌరవపాత్రముగా తోచునది రిగ్రెషన్ టెస్ట్. ఒకనాడు కనుగొని సవరించిన దోషము, మఱియొకనాడు మఱియొక మార్పు చేసినప్పుడు తిరిగి తలయెత్తుట ఈ వృత్తిలో నిత్యానుభవము. కావున దోషము దొరికిన ప్రతిసారియు దానిని పట్టియిచ్చు పరీక్ష నొకదానిని వ్రాసి శాశ్వతముగా దాచియుంచి, ఎవరెప్పుడు ఏ చిన్న మార్పు చేసినను పాత పరీక్షలనన్నిటిని మొదటినుండి నడిపింతురు. మన పాఠశాలలో ఆఱవ తరగతి భిన్నముల పాఠము, ఆ సంవత్సరపు పరీక్ష ముగియగనే ముగిసిపోవును. అది తొమ్మిదవ తరగతిలో బీజగణితము చెప్పునాటికి నిలిచియున్నదో లేదో అడుగు ప్రశ్నపత్రము లేదు. 2005 నుండి ప్రథమ్ సంస్థ పక్షమున గ్రామములలో ఇంటింటికి పోయి పిల్లల చెంత కూర్చుండి, అక్షరము, పదము, చిన్న పేరా, చిన్న కథ వరుసగా చదివించి చూచుచున్న అసర్ సర్వే ఈ జాతికి చెందిన పరీక్ష. గ్రామీణ భారతమున ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు 2018లో ఇంచుమించు సగము మంది; 2022 నాటికి నూటికి 43 మందికి లోపుగనే యుండిరి. చదువలేని తక్కినవారందఱును నాలుగు తరగతులను దాటి వచ్చినవారే.

పరీక్షల పరిమితి యేమో సాఫ్ట్‌వేరు శాస్త్రకారులు మొదటినుండియు నెఱుగుదురు. అన్నముడికినదో లేదో ఒక్క మెతుకు పట్టిచూచిన చాలునని మన పెద్దలందురు. మెతుకులన్నియు నొకేనీట నొకేమంటపై నుడికినవి గనుక అది చెల్లును. ప్రోగ్రాములో ఒక మార్గమునకును ప్రక్క మార్గమునకును అట్టి సామ్యము లేదు. పరీక్షలు దోషమున్నదని నిరూపింపగలవే గాని, లేదని నిరూపింపజాలవని డచ్చి దేశీయుడగు గణనశాస్త్రవేత్త ఎడ్స్గర్ డైక్‌స్ట్రా 1970 ప్రాంతముననే విశదపఱచెను. 1979లో పరీక్షాకళను గూర్చి గ్రంథము వ్రాసిన గ్లెన్‌ఫర్డ్ మైయర్స్, ప్రోగ్రాము సరిగా నున్నదని చూపదలచి పరీక్షించువాడు పరీక్షకుడే కాడనియు, తప్పు పట్టవలెనను సంకల్పముతోనే పూనుకొనవలెననియు, వ్రాసినవాడే తన కృతిని పరీక్షించుకొనుట తగదనియు ఉద్ఘాటించెను. ఈ భావమునుండియే టెస్టరు అను వేఱొక ఉద్యోగము ప్రబలినది. హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుప్రక్కల గోడలమీద ‘మాన్యువల్ టెస్టింగ్’, ‘సెలీనియం’ అను ప్రకటనలు చూచి శిక్షణకు చేరి, ఆ విద్యతోనే బ్రతుకు తెరువు సంపాదించుకొనిన తెలుగు యువకులు వేలకొలది కలరు. ఇతరుల కృతిలో తప్పు వెదకుటయే వారి వృత్తి. తప్పు పట్టినందుకు వారిని మెచ్చుకొందురు. తప్పు బయటపడుటను శుభముగా నెంచు ఈ సంస్కారమే నేను పాఠశాలకు కోరునది.

అడుగని ప్రశ్న

పరీక్షలెన్ని చేసినను, అడుగవలసిన ప్రశ్న నడుగకున్న నేమగునో చెప్పుటకు ఏరియాన్ రాకెట్టు వృత్తాంతము కంటె గొప్ప నిదర్శనము లేదు. 1996 జూన్ 4వ తేదీన దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాలో, కూరూ ప్రయోగకేంద్రమునుండి ఐరోపా దేశముల ఏరియాన్-5 తన ప్రథమ యాత్రకు లేచినది. నలువది సెకండ్లు నిండకమునుపే ప్రక్కకు ఒరిగి, ముక్కలై, తాను మోసికొనిపోవుచున్న నాలుగు క్లస్టర్ ఉపగ్రహములతోగూడ పేలిపోయినది. ఫ్రెంచి గణితజ్ఞుడు జాక్-లూయీ లియోన్స్ అధ్యక్షతను ఏర్పడిన విచారణ మండలి కారణమును స్పష్టముగా వెల్లడించెను. రాకెట్టు ఎటు పోవుచున్నదో కనిపెట్టు పరికరమునందలి ప్రోగ్రామును అంతకు ముందున్న ఏరియాన్-4 నుండి యథాతథముగా తెచ్చి వాడిరి. అందులో అడ్డదిశ వేగమునకు సంబంధించిన యొక పెద్ద సంఖ్యను 16 బిట్ల చిన్న గడిలోనికి మార్చు అంశము కలదు. ఆ గడిలో పట్టగల అత్యధిక సంఖ్య 32,767. పాత రాకెట్టు ఆ హద్దును ఎన్నడును చేరలేదు. క్రొత్తది దానికంటె ఎన్నోరెట్లు అడ్డవేగము గలది, సంఖ్య గడిలో పట్టలేదు, పరికరము పనిమానుకొనెను. దానికి తోడుగా నుంచిన రెండవ పరికరము నందును అదే ప్రోగ్రాము ఉన్నందున, అది అప్పటికే అదే దోషముతో ఆగిపోయి యుండెను.

ఇందు విషాదకరమైన సంగతులు రెండు కలవు. ఆ లెక్క రాకెట్టు లేచిన పిమ్మట ఏరియాన్-5కు అవసరమే లేనిది. పాతదానికోసము వ్రాసినది గనుక తీసివేయక యుంచిరి. రెండవది, ఆ పరికరమును క్రొత్త రాకెట్టు పోవు మార్గపు అంకెలతో ఒక్కమారైనను పరీక్షింపకపోవుట. పాత యాత్రలలో ఎన్నోమార్లు నెగ్గినది గదా యను విశ్వాసముతో ఆ పరీక్షను విడిచిపెట్టిరి. నెగ్గినదను మాటకు, ఏ ప్రశ్నలకు జవాబు చెప్పి నెగ్గినదో తెలియనిదే అర్థము లేదు. మన పిల్లల విషయమునను ఇంతే. ప్రశ్నావళిలోని ప్రశ్నలకు జవాబులు వ్రాసి నూటికి తొంబది తెచ్చుకొనిన బాలుడు, ఆ ప్రశ్ననే వేఱొక మాటలలో అడిగిన దినమున ఎందుకు నిలిచిపోవుచున్నాడని మనము ఆశ్చర్యపడుదుము. కాని వాని నెన్నడును ఆ మార్గమున నడిపించి చూడలేదు.

బడిలోని పరీక్షలు

పాఠశాలలో పరీక్షల పరంపర తక్కువదేమియు గాదు. ఒక తరము క్రిందటి వారికి యూనిట్ పరీక్షలు, త్రైమాసికము, అర్ధసంవత్సరము, సాంవత్సరికము అను వరుస కంఠస్థము. పదవ తరగతిలో వీనికి తోడు ప్రీఫైనల్, గ్రాండ్ టెస్టు. ఇంటర్మీడియటు పిదప, 1986లో ఎంసెట్టుగా ఆరంభమై నేడు రెండు రాష్ట్రములలో వేఱువేఱుగా నడచుచున్న ప్రవేశ పరీక్ష. బోధన నడచుచుండగా దానిని దిద్దుకొనుటకై చేయు మూల్యాంకనము వేఱనియు, అంతయు ముగిసిన పిదప తీర్పు చెప్పుటకై చేయునది వేఱనియు తత్త్వవేత్త మైకేల్ స్క్రివెన్ 1967లో విభజించి చూపెను. మన విద్యాశాఖవారు మొదటిదానికి నిర్మాణాత్మకమనియు, రెండవదానికి సంగ్రహణాత్మకమనియు పేళ్లుంచిరి. ఉపాధ్యాయుల నోట అవి ఎఫ్.ఏ., ఎస్.ఏ.లు. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 29వ విభాగమున నిరంతర సమగ్ర మూల్యాంకనమును విధించెను. పిల్లల భాగస్వామ్యము–ప్రతిస్పందనలు, రాత అంశములు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష అను నాలుగు సాధనములతో, వత్సరమునకు నాలుగుమార్లు ఉపాధ్యాయుడు తన తరగతిని తాను పరిశీలించుకొనవలెనని నిర్ణయించిరి. భావము నిర్దుష్టమైనది. యూనిట్ టెస్టులను నడిపించుకొను డెవలపరు చేయు పనికిని దీనికిని ఉద్దేశమున భేదము లేదు.

భేదము ఆచరణలో వచ్చినది. పదవ తరగతిలో ఈ నిర్మాణాత్మక మూల్యాంకనమునకు నూటికి 20 మార్కులు కేటాయించి, వానిని తుది ఫలితమున కలిపిరి. కలిపిన క్షణముననే అది తన స్వభావమును కోల్పోయినది. తప్పు వెదకుటకు ఏర్పడిన సాధనము తీర్పులో భాగము కాగానే, తప్పును కప్పిపుచ్చుకొనుట అందఱికిని లాభకరమాయెను. ఇరువదికి ఇరువది వేసికొనుట పరిపాటియైనది. తుదకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో ఆ అంతర్గత మార్కులను రద్దుచేసినది. ఉపాధ్యాయులను మాత్రమే నిందించుట నాకు సమ్మతము కాదు. అరువదిమంది పిల్లల లఘు పరీక్షలు దిద్ది, నాలుగు సాధనములకు నాలుగు గళ్లలో అంకెలు వేసి, రిజిస్టరులోను, ఆన్‌లైన్‌లోను ఎక్కించి, గడువులోపల పంపవలసిన అయ్యవారికి, ఏ పిల్లవాడు ఎక్కడ తప్పినాడో వెనుకకు వచ్చి చూచుకొను సావకాశమెక్కడిది? అంకె పైకి పోయినది. తప్పు తరగతిలోనే నిలిచిపోయినది.

మార్కు దాచిపెట్టు రహస్యము

అంకె తప్పును ఎట్లు దాచునో ఒక్క చిన్న ఉదాహరణమున చూపెదను. మూడవ తరగతి బాలిక యొకతె నాలుగు తీసివేత లెక్కలు చేసినదనుకొందము. 86లో 23 పోగా 63 అని వ్రాసినది, సరియే. 52లో 38 పోగా 26 అని వ్రాసినది; 14 కావలెను. 71లో 45 పోగా 34 అన్నది, 26 కావలెను. 64లో 29 పోగా 45 అన్నది, 35 కావలెను. నాలుగింట ఒక్కటి సరి. ఎఱ్ఱ సిరాతో మూడు ఇంటు గుర్తులు, నాలుగుకు ఒకటి. ‘ఈ పిల్లకు తీసివేతలు రావు’ అని తీర్పు. కాని ఒక్క నిమిషము ఆ జవాబులను పరికించి చూడుడు. 52లో 38 తీయవలసినప్పుడు, ఒకట్ల స్థానమున రెండులోనుండి ఎనిమిది పోదు గనుక, ఆమె ఎనిమిదిలోనుండి రెండు తీసి ఆఱు వేసినది. పదుల స్థానమున అయిదులో మూడు తీసి రెండు వేసినది. తక్కిన రెండింటను ఇదే పని చేసినది. పెద్ద అంకెలోనుండి చిన్న అంకెను తీయవలెనని ఎవరో ఎప్పుడో చెప్పిన మాటను ఆమె మిక్కిలి విధేయతతో పాటించినది. ఆమెకు తీసివేత రాకపోవుట కాదు; ప్రక్కస్థానమునుండి అప్పు తెచ్చుట యను ఒక్క మెట్టు లేదు. పుల్లల కట్టలు ముందు పెట్టి ఒక కట్ట విప్పి చూపినచో ఒక పూటలో దిద్దుకొనదగిన దోషమది. అదే నాలుగుకు ఒకటి తెచ్చుకొనిన ప్రక్క బాలుని తప్పులు మూడును మూడు రకములుగా నుండవచ్చును. వానికి కావలసిన సాయము పూర్తిగా వేఱు.

జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అను ఇరువురు అమెరికా పరిశోధకులు 1978లో ప్రకటించిన వ్యాసమున ఈ విషయమునే శాస్త్రీయముగా నిరూపించిరి. పిల్లలు చేయు తీసివేత తప్పులను ప్రోగ్రాములోని బగ్గులవలెనే భావించి, తప్పుడు సోపానము లెట్టివి కలవో ఒక్కొక్కటిగా లెక్కించి, జవాబులను చూచి ఏ బగ్గు వలన ఆ జవాబు వచ్చినదో గుర్తించు సాధనమును నిర్మించి, ఉపాధ్యాయులకు అభ్యాసమిచ్చుటకై ‘బగ్గీ’ యను ప్రోగ్రామును వ్రాసిరి. పిల్లల తప్పులలో ననేకము అజాగ్రత్త వలన గాక, తప్పుగా నేర్చుకొనిన నియమమును శ్రద్ధగా అనుసరించుట వలన గలుగుచున్నవని వారు తేల్చిరి. అంతకు చాల పూర్వము, 1905లో పారిస్ నగరమున ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్‌తో కలిసి మొదటి బుద్ధిపరీక్షను రచించినప్పుడును, ఏ పిల్లలకు ప్రత్యేక సహాయము కావలెనో తెలిసికొనుటయే ఆయన ఆశయము. పిల్లలను వరుసలో నిలబెట్టుటకు దానిని వాడిన అపచారము తరువాతి వారిది.

ఇంతదూరము సాదృశ్యము చెప్పితిని గాని, ప్రోగ్రామునకును పిల్లవానికిని గల మహాంతరమును మఱచినవాడను కాను. ప్రోగ్రాము పరీక్షకు జడియదు. ఎన్నిమార్లు తప్పినను దానికి అవమానము లేదు. పరీక్షించినంతమాత్రమున అది మాఱదు. పిల్లవాడు మాఱును. ఆ మార్పు రెండు దిక్కులకును పోవచ్చును. చదివినదానినే మరల మరల చదువుకొనిన వారికంటె, చదివి, పుస్తకము మూసి, జ్ఞాపకమునుండి వ్రాసి చూచుకొనినవారే వారము దినముల పిదప ఎక్కువ నిలుపుకొన్నారని 2006లో రోడిగర్, కార్పికీ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ప్రయోగముచే కనుగొనిరి. అనగా, భయము లేని చిన్న పరీక్ష తనంత తానే పాఠము చెప్పును. ఇట్టి భాగ్యము ఏ ప్రోగ్రామునకును లేదు. మఱియొక ప్రయోగము 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయేలులో చేసినది. కొందఱు పిల్లలకు జవాబుపత్రముమీద మార్కులు మాత్రమును, కొందఱికి దిద్దుబాటు వ్యాఖ్యలు మాత్రమును, కొందఱికి రెండును ఇచ్చి చూడగా, వ్యాఖ్యలు మాత్రము పొందినవారే ముందునకు సాగిరి. రెండును పొందినవారు మార్కులు మాత్రము పొందినవారివలెనే నిలిచిపోయిరి. అంకె కనబడగనే వ్యాఖ్యను చదువరు. మన ప్రోగ్రెస్ కార్డు సంతకమునకై ఇంటికి వచ్చినప్పుడు పెద్దల చూపు మొదట ఎక్కడికి పోవుచున్నదో ఎవరికి వారు గుర్తుచేసికొనిన చాలును.

పరీక్షకోసమే పెరిగిన విద్య

పరీక్ష ఎప్పుడు, ఎట్లు జరుగునో ముందుగా తెలిసి, దానికి మాత్రమే సిద్ధపడుట యనునది మన కార్పొరేటు కళాశాలల వారు కనిపెట్టిన కళ యని తలంతుము. యంత్రములకును దానిని నేర్పినవారు కలరు. వోక్స్‌వాగన్ సంస్థ తన డీజిలు కార్లలో నుంచిన ప్రోగ్రాము, స్టీరింగు తిరుగుచున్నదా లేదా, వేగమెంత, ఇంజను ఎంతసేపటినుండి నడచుచున్నది, వాతావరణ పీడనమెంత అను గుర్తులను బట్టి, కారు ప్రయోగశాలలో పరీక్షింపబడుచున్నదో, రహదారిమీద పోవుచున్నదో కనిపెట్టెడిది. పరీక్ష యని తోచినప్పుడు పొగను శుద్ధిచేయు ఏర్పాటును పూర్తిగా పనిచేయించెడిది. రహదారిమీద దానిని సడలించెడిది. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలత పరికరములను కారులోనే పెట్టుకొని రహదారులమీద నడిపి చూచినప్పుడు గుట్టు బయటపడెను. అనుమతించిన దానికి 40 రెట్లవరకు విషవాయువులను విడుచుచున్నవని అమెరికా పర్యావరణ సంస్థ 2015 సెప్టెంబరులో ప్రకటించెను. ప్రపంచమంతట కోటి పదిలక్షల కార్లలో ఈ ప్రోగ్రాము కలదని వోక్స్‌వాగన్ సంస్థయే ఒప్పుకొన్నది.

ఉదయము అయిదింటికి లేచి రాత్రి పదింటివరకు బిట్లను వల్లెవేయు మన ఇంటర్మీడియటు విద్యార్థి యెడ నాకు ఆ కార్లయందలి కోపము లేదు. వాడు మోసము చేయుటలేదు, మనము కోరినదే చేయుచున్నాడు. కాని నిర్మాణము ఒక్కటియే. పరీక్ష ఒకే రూపమున, ఒకే మాసమున, ఒకే రకపు ప్రశ్నలతో నిలిచియున్నంతకాలము, దానిని నెగ్గుటకు మాత్రమే పనికివచ్చు జ్ఞానము పుట్టుచునే యుండును. పరిశోధకులు కారును రహదారిమీదికి తెచ్చినట్లే, ప్రశ్నను పుస్తకమునుండి వెలికి తీసి, రేషన్ దుకాణపు రసీదుమీదను, కరెంటు బిల్లుమీదను, పొలము కొలతమీదను అడిగినప్పుడే తెలిసిన దెంతయో తెలియును.

రెండు పరీక్షలును ఒక్కచోట విఫలమైన దినములు తెలుగువారి స్మృతిలో నున్నవి. 2019 ఏప్రిల్ 18న తెలంగాణములో తొమ్మిది లక్షలకు పైబడిన విద్యార్థుల ఇంటర్మీడియటు ఫలితములు వెలువడినవి. హాజరైనవారు గైరుహాజరైనట్లును, మొదటి సంవత్సరమున మంచి మార్కులతో నెగ్గినవారు తప్పినట్లును మెమోలు వచ్చినవి. ఒక బాలికకు తెలుగులో సున్నా వచ్చినది. పునఃపరిశీలనలో తేలిన మార్కులు 99. ఓఎంఆర్ పత్రముమీద వలయములను దిద్దినవారు పొరపడిరి, సరిచూడవలసినవారు చూడలేదు, అప్పటివరకు చక్కగా చదివిన పిల్లకు ఒక్క విషయమున సున్నా ఎట్లు వచ్చినదని ఫలితములను లెక్కించిన ప్రోగ్రాము ఎవరిని అడుగలేదు. ఆ దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ప్రభుత్వము ముగ్గురు సభ్యుల కమిటీని వేసినది. దోషములు సాంకేతిక వ్యవస్థలోను, మనుష్యుల పనిలోను కలవని తేలినది. తప్పిన వారందఱి పత్రములను రుసుము లేక మరల పరిశీలింపగా, వేయిమందికి పైగా ఉత్తీర్ణులైరి. ఒక సాఫ్ట్‌వేరును ప్రొడక్షనులోనికి తెచ్చుటకు పూర్వము, గత వత్సరపు పత్రములను దానిచేత లెక్కింపజేసి, పాత ఫలితములతో సరిపోల్చి చూచుట ఈ వృత్తిలో ప్రాథమిక మర్యాద. పిల్లల భవిష్యత్తును లెక్కించు ప్రోగ్రామునకు రాకెట్టుకు చేయవలసినంత పరీక్ష చేయవలెను; అంతకు తక్కువ చేయుటకు ఎవరికిని అధికారము లేదు.

నేను కోరునవి గొప్ప సంస్కరణములు కావు. ఫలితముల ప్రోగ్రామును మార్చిన ప్రతిసారియు పాతదానిని క్రొత్తదానిని సమాంతరముగా నడిపి, వ్యత్యాసములను ప్రకటించిన పిమ్మటనే మెమోలు విడుదల చేయవలెనని బోర్డులు నియమము చేసికొనవలెను. లఘు పరీక్షల మార్కులను ఎక్కడికిని పంపనక్కఱలేదని, తప్పుల పట్టికను మాత్రము తరగతిలో నుంచుకొనిన చాలునని అధికారులు ఒక్క సంవత్సరము ఉపాధ్యాయులకు స్వేచ్ఛ నిచ్చి చూడవలెను. పాఠకులలో తలిదండ్రులైన వారికి ఒక్క విన్నపము. జూన్ మాసమున బడులు తెఱచిన పిదప మొదటి ఎఫ్.ఏ. జరిగినప్పుడు పిల్లవాని జవాబుపత్రమును బడినుండి అడిగి తీసికొనుడు. పైనున్న అంకెను చేతితో మూసి, తప్పిన లెక్కలను వరుసగా చూడుడు. ఒకే తప్పు మూడుచోట్ల కనబడినచో, ఆ కాగితము పట్టుకొని వారి మాస్టారివద్దకు పోయి, ఇది ఎట్లు దిద్దుదమండీ యని అడుగుడు.